ఏ పచ్చ?

డాక్టరు రెండు పనులు చెప్పి ఇంటికి పంపారు. రోజూ పగటి వెలుతురులో పిల్లని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, ముక్కు మీద వేలితో నొక్కి తీసి, ఆ చోట చర్మం ఏ రంగులో ఉందో చూడాలి. డైపర్ మార్చినప్పుడల్లా అందులో రంగు కూడా చూసి రాసిపెట్టాలి. పుట్టిన మర్నాటి నుంచి కామెర్లు. నేను ఫ్రిజ్ మీద ఒక కాగితం అంటించి టైమూ రంగూ తెలుగులో గబగబా రాస్తున్నాను. ఒక చేత్తో పిల్లని పట్టుకుని రాసేటప్పుడు ఇంగ్లీషు తోచదు.

మొన్న మధ్యాహ్నం అలా కిటికీ దగ్గర నిలబడి ఉంటే, మా వారు ఫోన్ తీగ సాగినంత మేర ఇటు వచ్చి, రిసీవర్‌కి చెయ్యి అడ్డం పెట్టి, "మీ మాస్టారు పోయారట" అన్నారు.

"ఏ మాస్టారు?" అన్నాను, తెలిసే.

"ఎలుకల మాస్టారు. షామ్‌బర్గ్‌లో, కూతురింట్లో. నిద్రలోనేనట." పిల్ల వైపు చూసి, "పాప పచ్చగా ఉందా?" అని అడిగారు.

ఏ పచ్చ అని అడగబోయి ఊరుకున్నాను. ఆ ప్రశ్న మాస్టారిది.

పిల్ల నిద్రపోయిన సందుల్లో, రాత్రిళ్లు, ఇది రాస్తున్నాను. ఆయన పేరు రాయను. ఆయన నా పేరు ఎక్కడ రాశారో మాత్రం చెబుతాను.

అప్పటికి మేం ఇంకా ఫ్రీమాంట్ రాలేదు. వాషింగ్టన్ రాష్ట్రంలో తూర్పు వైపున రిచ్‌లాండ్‌లో ఉండేవాళ్లం. వాషింగ్టన్ అంటే వానలని విని గొడుగులు కొనుక్కుని మరీ వెళ్లాం. వాన కొండలకి అవతలే ఆగిపోతుందని ఎవరూ చెప్పలేదు. మా అపార్ట్‌మెంట్ల వెనక రోడ్డు దాటితే మోకాలెత్తు బూడిదరంగు పొదలు, ఆకాశం అంచు దాకా అవే. ముందటేడు ఆ కొండల్లో అగ్నిపర్వతం పేలినప్పుడు పడ్డ బూడిద పొదల మొదళ్లలో ఇంకా ఉండేది. మా వారు తెల్లారగానే ఆఫీసు బస్సెక్కేవారు. పెద్దమ్మాయికి అప్పుడు ఏడు నెలలు. నేను చేసింది జువాలజీలో ఎం.ఎస్సీ. పిల్ల ఊపిరి తీస్తోందో లేదోనని గంటకోసారి ముక్కు దగ్గర వేలు పెట్టి చూడడం తప్ప ఆ చదువుతో చేసే పనేమీ లేదు.

మాస్టారు మా కింది వాటాలో ఒక్కరే ఉండేవారు. గుంటూరు వైపు ఏదో కాలేజీలో ఇరవై ఏళ్లు జువాలజీ చెప్పి, యాభై దాటాక ఒక ప్రాజెక్టు మీద అమెరికా వచ్చి, అది అయిపోయాక ఒక చిన్న సర్వే కంపెనీలో చేరారు. ఎక్కడైనా పొదలు కొట్టి సాగులోకి తెస్తామంటే, ముందు వెళ్లి అక్కడ ఏ జంతువులున్నాయో చూసి రిపోర్టు రాయాలి. ఆయనకి అప్పగించింది ఎలుకలు, వాటి చుట్టాలు.

ఆయన నడక నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, తల వంచుకుని, ఒక్కో పొద దగ్గరా ఆగి చూస్తూ పోయేవారు. పరీక్ష హాల్లో కాపీ కొడుతున్న పిల్లల్ని పట్టుకోవడానికి తిరిగే నడక అది. ఇరవై ఏళ్ల అలవాటు ఎడారిలోకి కూడా వచ్చేసింది. జేబులో ఎప్పుడూ ఎర్ర పెన్ను. పొద ఆకు ఒకటి తుంచి, నలిపి వాసన చూసి, పారేయకుండా చెవి మీద పెట్టుకునేవారు. సాయంత్రానికి చెవుల మీద మూడు నాలుగు రెమ్మలు పోగయ్యేవి. అలాగే సూపర్‌మార్కెట్‌కి వెళ్లిపోయేవారు.

మొదటిసారి ఆ ఆకు నా చేతిలో పెట్టి, "ఏంటిది చెప్పు" అన్నారు.

"సేజ్‌బ్రష్ అంటారండి ఇక్కడ."

"ఇక్కడోళ్లు ఏమంటారో నాకెందుకు. వాసన చూడు. చూడు, తర్వాత అనుకో."

నలిపి చూశాను. మా అమ్మ పీట మీద పోసిన పత్రి గుర్తొచ్చింది. "మాచిపత్రా?" అన్నాను.

"దానికి మేనత్త కూతురు" అన్నారు సంతోషంగా. "వినాయకుడికి పత్రీ ఇక్కడే ఉంది, వాహనమూ ఇక్కడే ఉంది. ఇంకేం కావాలి మనకి?"

చూడు, తర్వాత అనుకో. రోజుకి పదిసార్లు ఆ మాట. పిల్ల ఒంటి మీద ఎర్రటి మచ్చ కనబడి నేను కంగారుపడితే అదే మాట. మా వారు టీవీలో వార్తలు చూసి ఏదో తేల్చి చెబితే అదే మాట. మా వారిని "అల్లుడుగారూ" అనేవారు. నన్ను అమ్మాయ్ అనేవారు కనుక అది దానంతట అదే వచ్చింది.

బోనుల్లోకి ఎర ఆయనే తయారుచేసేవారు. ఓట్‌మీల్‌లో పీనట్ బటర్ కలిపి, అచ్చం సున్నుండల్లా ఉండలు చుట్టి స్టీలు డబ్బాలో పెట్టుకునేవారు. ఒక ఆదివారం డబ్బా మా బల్ల మీద మర్చిపోయారు. మా వారు రెండు తినేశారు. మాస్టారు పైకొచ్చి డబ్బా చూసి, కళ్లజోడు సవరించుకుని, "అల్లుడుగారూ, తోక ఏమన్నా పొట్టిదవుతోందేమో కాస్త చూసుకోండి" అన్నారు. చాలా రోజులు మా ఇంట్లో అదే జోకు.

పొట్టితోక, మాస్టారు వెతికే ఆ ఎలుక చుట్టానికి మేం పెట్టుకున్న పేరు. ఇంగ్లీషులో వోల్ అంటారు. "దీనికి తెలుగులో పేరు లేదమ్మాయ్, పెట్టు" అన్నారు, మొదటిది బోనులో దొరికిన రోజున. గుడ్డసంచిలోకి వంచి, మెడ వెనక పట్టుకుని చూపించారు. మామూలు ఎలుకకి మూతి సూదిగా ఉంటుంది, తోక పొడుగు. దీనికి మూతి మొద్దు, చెవులు బొచ్చులో దాక్కుని ఉన్నాయి, తోక వెనక పాదమంత. కొండ బూడిదలో ముంచి తీసినట్టు ఒళ్లంతా ఒకటే లేత బూడిదరంగు. నేను పొట్టితోక అంటే, ఆయన పొట్టితోకమ్మ అని గౌరవం చేర్చారు. రాత్రి చలికి బోనులో చచ్చిపోతాయని ప్రతి బోనులోనూ ఇంత దూది పెట్టేవారు. పొద్దున తలుపు తీస్తూ, "ఏమ్మా, నిద్రపట్టిందా?" అని అడిగేవారు. ఈ దూది సంగతి రాయకుండా ఉందామనుకున్నాను. కాని జరిగింది జరిగినట్టు రాయాలి.

ఆ వేసవి అంతా పిల్లని వీపుకి కట్టుకుని ఆయన వెనక తిరిగాను. పాములుంటాయేమో, పురుగులు కుడతాయేమో, ఎండదెబ్బ తగులుతుందేమో. "పాము నిన్ను చూసి భయపడుద్ది, నువ్వు పాపని చూసి భయపడతావు, పాప ఎవర్నీ చూసి భయపడదు. మీ ముగ్గుర్లో తెలివైనది అదే" అనేవారు.

పొట్టితోక పొద కిందే పుట్టి పొద కిందే పోతుంది. కన్నం నుంచి కన్నానికి, పొద నుంచి పొదకి రెండు వేళ్ల వెడల్పున బాటలు తొక్కుతుంది. బూడిదలో ఆ బాటలు గీత గీసినట్టు కనిపించేవి. బాట పక్కన కత్తిరించిన గడ్డి ముక్కలు. గూట్లో మెత్తగా చీల్చిన పొద బెరడు. రేపటికని గింజలు దాచుకోదు. గడ్డి ఉన్నన్నాళ్లు గడ్డి, మంచు పడ్డాక పొద ఆకూ బెరడూ. చుట్టూ గడ్డి అయిపోతే కాలనీ మొత్తం లేచి ఇంకో చోటికి పోతుంది. కన్నాలు అలాగే ఉంటాయి, బాటలూ అలాగే ఉంటాయి. వాటిని లెక్కపెట్టి కాలనీ ఉందో పోయిందో చెప్పలేం. బోనులోకి కూడా ఇది అంత తేలిగ్గా రాదు. చూడవలసింది పెంటికలు. కొత్తవి ఆకుపచ్చగా, తడిగా ఉంటాయి. పాతబడితే ఎండుగడ్డిలా పసుపు తిరిగి, పట్టుకుంటే పొడి అవుతాయి.

ఆయన నాకు ఒక నోటుబుక్కు ఇచ్చి, "తెలుగులోనే రాయి. చేతికి తొందరగా వచ్చే భాషలో రాస్తే తప్పులు రావు. ఇంగ్లీషులోకి నేను మారుస్తాను" అన్నారు. మొదటి రోజు నేను రాసింది చూసి ఎర్ర పెన్ను తీశారు.

"పచ్చ పెంటికలు అని రాశావు. ఏ పచ్చ?"

"పచ్చ అంటే పచ్చేనండి. ఆకుపచ్చ."

"మా ఇంట్లో పచ్చచీరంటే పసుపుచీర. మీ ఇంట్లో?"

"ఆకుపచ్చ చీరండి."

"మరి? నువ్వు గోదావరి పచ్చ రాసి, నేను గుంటూరు పచ్చ చదివితే ఏమవుద్ది? బతికున్న కాలనీ నా చేతిలో చస్తది." నోటుబుక్కు మొదటి పేజీ తిప్పి, పరీక్ష పేపరు మీద మార్కులు వేసినట్టు పెద్ద అక్షరాలతో రాశారు. పచ్చ అంటే ఆకుపచ్చ. పసుపు అంటే పసుపు. కింద పొట్టి సంతకం. "ఇక నేను మర్చిపోయినా పుస్తకం మర్చిపోదు" అన్నారు.

ఆగస్టులో ఆయనకి మోకాలు వాచి నడవలేకపోయారు. మిగిలింది ఉత్తరాన ఉన్న ఒక గట్టు. ఆ నేల లీజుకి తీసుకున్నవాళ్లు పొదలు తీసేసి, నీళ్లు పెట్టి, బంగాళాదుంప వేయాలనుకుంటున్నారు. బతికున్న కాలనీ ఉంటే ఆ గట్టు వదిలిపెట్టి దున్నుకోవాలని లీజు కాగితంలో ఉందట. మాస్టారే చెప్పారు.

"నీ కళ్లు నా కళ్లకంటే మంచివి. నువ్వు పోయిరా. రిపోర్టులో నీ పేరు పెడతాను. రేపు ఏ యూనివర్సిటీకన్నా అప్లై చేసినప్పుడు పనికొచ్చుద్ది."

తొమ్మిది రోజులు పొద్దున్నే నేనొక్కదాన్నే వెళ్లాను, పిల్లతో. మోకాళ్ల మీద కూర్చుని ప్రతి కన్నం ముందూ చూశాను. ఒక చోట, నా నీడ పడ్డా కదలకుండా, ఒక పొట్టితోక గడ్డిపోచని నిలువునా పట్టుకుని పైనుంచి కిందికి తింటూ కనిపించింది. నా వీపు మీద పిల్ల దాన్ని చూసి శబ్దం చేసి నవ్వింది. అప్పుడు గానీ లోపలికి పోలేదు. ఆ గట్టు మీద పద్దెనిమిది కన్నాల ముందు పచ్చ. నాలుగింటి ముందు పసుపు. ఒక్కొక్కటీ రెండుసార్లు చూసి రాశాను. పెళ్లయ్యాక, పిల్ల పుట్టాక, నా అంతట నేను చూసి, నాకు తెలుసు అనుకున్నది అదొక్కటే.

రిపోర్టు వచ్చిన రోజు మాస్టారే కుంటుకుంటూ మెట్లెక్కి తెచ్చి ఇచ్చారు. మొదటి పేజీలో, క్షేత్ర పరిశీలన అన్నచోట, శ్రీమతి అని పెట్టి నా పూర్తి పేరు అచ్చయి ఉంది. దాని కింద ఎర్ర పెన్నుతో గీత. మా వారు సాయంత్రం కేక్ తెచ్చారు. ఇండియాకి జిరాక్స్ పంపుదామన్నారు. మాస్టారు ఒక ముక్క తిని, మోకాలు నొప్పిగా ఉందని తొందరగా దిగిపోయారు.

లోపలి పట్టిక నేను మర్నాడు పిల్ల పడుకున్నాక చదివాను. ఉత్తరపు గట్టు. కన్నాలు ఇరవై రెండు. నా లెక్కే. పెంటికల రంగు, అన్నింటికీ ఒకటే: ఎల్లో. కాలనీ వదిలేసి వెళ్లినది, ప్రస్తుతం జంతువులు లేవు.

టైపు తప్పేమోనని ముందు అనుకున్నాను. మళ్లీ చదివాను. పచ్చా ఎల్లోయే అయింది, పసుపూ ఎల్లోయే అయింది. అది టైపు తప్పు కాదు.

పిల్లని లేపి చంకనెత్తుకుని కిందికి వెళ్లాను. తలుపు తీసే ఉంది. ఆయన నేల మీద కాళ్లు చాపుకుని కూర్చుని బోనులు తుడుస్తున్నారు.

"మాస్టారూ, ఏ పచ్చ?" అన్నాను.

తల ఎత్తలేదు. చేతిలో ఉన్న బోను తలుపు రెండుసార్లు తీసి వేశారు.

"మా ఇంట్లో పచ్చచీరంటే పసుపుచీరే అమ్మాయ్" అన్నారు.

"మొదటి పేజీలో మీరే రాశారు కదండీ."

"రాశాను."

"మరి?"

"అయ్యి ఒక్కచోట ఉండే రకం కాదు. గడ్డి అయిపోతే వచ్చే ఏడు ఎట్టాగూ పోతాయి. నువ్వే చూశావు గదా."

"పోతే పోతాయండి. ఉన్నవాటిని పోయాయని రాయడం ఏమిటి?"

బోను పక్కన పెట్టారు. "కంపెనీవాళ్లు నాకు గ్రీన్ కార్డు కాగితాలు పెడుతున్నారు. ఈ దుంపల వాళ్లు పోతే కంపెనీకి ఇంకో పని లేదు. కాగితాలు అయితే జనవరికి మీ పిన్నిగారు వస్తారు. ఆవిణ్ని చూసి ఐదేళ్లయింది." నవ్వబోయారు. "గ్రీన్ అని పేరేగానీ ఆ కార్డు కూడా పచ్చగా ఉండదంట."

నేను నవ్వలేదు. "నా పేరెందుకు పెట్టారు?" అని అడిగాను.

అప్పుడు తల ఎత్తారు. నిజంగా ఆశ్చర్యపోయారు. "పెడతానన్నాను గదా. మాటిచ్చాను గదమ్మాయ్."

ఆ ముఖం మర్చిపోదామంటే కుదరడం లేదు. మోసం చేసిన మనిషి కళ్లు తిప్పుకుంటాడంటారు. ఈయన నావైపు సూటిగా చూశారు, ఇచ్చిన మాట నిలబెట్టుకున్న మనిషిలా. ఆయన అబద్ధం ఆయన పేరుతో రాసుకుని ఉంటే నేను కొన్నాళ్లకి మర్చిపోయేదాన్నేమో.

రాత్రి మా వారికి అంతా చెప్పాను. ఆయన పట్టిక చదివి రిపోర్టు మూసి పక్కన పెట్టారు.

"ఎవరికి కంప్లయింట్ చేస్తావ్? ఆయనా వీసా మీదే ఉన్నారు, మనమూ వీసా మీదే ఉన్నాం. ఊళ్లో ఉన్నదే నాలుగు తెలుగు ఇళ్లు. ఎలుకల కోసం పెద్దాయన ఉద్యోగం తీయించామంటారు."

"నా పేరుతో అబద్ధం రాశారండీ."

"ఆ రిపోర్టు ఎవరు చదువుతారు? ఫైల్లో పెట్టేస్తారు. వదిలెయ్."

రెండు రోజులు ఉత్తరం రాయడానికి కూర్చున్నాను. పిన్నిగారు గుర్తొచ్చేవారు, ఫొటోలో తప్ప చూడని మనిషి. పిల్ల ఏడిచేది. ఉత్తరం రాయలేదు. అది కూడా ఈ కాగితాల్లో ఉండాలి.

అక్టోబరులో రెండు ట్రాక్టర్ల మధ్య ఓడల గొలుసు లాంటిది కట్టి, ఆ గట్టు మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా లాగారు. పొదలు వేళ్లతో సహా లేచిపోయాయి. గొలుసు వెనకే డేగలు, ఒకటి తర్వాత ఒకటి నేల మీదికి దిగుతూ లేస్తూ ఉన్నాయి. అవి దేనికోసం దిగుతున్నాయో ఆ రోడ్డు మీద నిలబడ్డవాళ్లలో నాకొక్కదానికే తెలుసు. నలిగిన ఆకు వాసన రెండు రోజులు ఊరంతా ఉంది. అందరి ఇళ్లలోనూ వినాయకచవితి వాసన. మాస్టారు ఆ రెండు రోజులూ కిటికీలు మూసుకుని ఉన్నారు.

జనవరిలో పిన్నిగారు వచ్చారు. మంచి మనిషి. ఆవిడ చేసిన పులిహోర తిన్నాను. మాస్టారు మెట్ల దగ్గర ఎదురైతే "ఏమ్మాయ్" అనేవారు, "ఆఁ మాస్టారూ" అనేదాన్ని. పాపని ఎత్తుకోబోతే నిద్రవేళ అయిందని తీసుకెళ్లిపోయేదాన్ని. వేసవికి ఆ గట్టు మీద నీళ్లు చిమ్మే పొడుగాటి గొట్టం గుండ్రంగా తిరుగుతూ ఉండేది. కొండ మీద నుంచి చూస్తే పెద్ద పచ్చటి చక్రం. ఇప్పుడు దాన్ని ఏ పచ్చ అని ఎవరూ అడగనక్కర్లేదు.

మేం ఊరు వదిలే రోజున ఆయన పైకి వచ్చి, రిపోర్టు కోసం నా దగ్గర తీసుకున్న నోటుబుక్కుని గోధుమరంగు కాగితంలో చుట్టి ఇచ్చారు. "నీదే" అన్నారు. ఆయన చెవి మీద ఆకు లేదని అప్పుడు గమనించాను. ఎన్నాళ్లుగా లేదో తెలియదు. కట్ట విప్పకుండా పెట్టెలో పడేశాను.

మొన్న ఆయన పోయారని విన్నాక ఆ పెట్టె వెతికి తీశాను. మొదటి పేజీ చించేసి ఉంటారనే అనుకున్నాను. చించలేదు. పచ్చ అంటే ఆకుపచ్చ. పసుపు అంటే పసుపు. ఎర్ర సంతకం. చించడానికి ఆయనకి దాదాపు ఏడాది టైము దొరికింది. చింపితే నా దగ్గర ఏ ఆధారమూ ఉండేది కాదు. ఎవరికైనా చూపించాలని వదిలేశారా, ఎవరికీ చూపించనని తెలిసి వదిలేశారా? రెండోదే అయి ఉంటుందని నా అనుమానం. నా కళ్లు ఎంత మంచివో తెలిసిన మనిషికి, నా ధైర్యం ఎంతో కూడా తెలిసి ఉంటుంది.

ఈ సాయంత్రం డాక్టరు ఆఫీసు నుంచి నర్సు ఫోన్ చేసింది. నేను పిల్లకి పాలు పడుతున్నాను. మా వారు ఫోన్ తీసి, ఫ్రిజ్ మీద కాగితం చేతిలోకి తీసుకున్నారు. ఐదో రోజుకి, అంటే ఇవాళ్టికి, డైపర్‌లో రంగు పసుపులోకి తిరిగితే పాలు సరిపోతున్నట్టు, కామెర్లు దిగుతున్నట్టు. తిరగకపోతే తీసుకురమ్మన్నారు. పొద్దుటి నుంచి నేను రాసినవి మూడు వరసలు, మూడింటిలోనూ ఒకటే మాట.

"ఎస్, ఐ హావ్ ఇట్ హియర్. టుడే, త్రీ టైమ్స్" అంటూ కాగితం దీపం కిందికి జరిపారు. "పచ్చ... ఇట్స్ ఎల్..."

పిల్ల నోట్లోంచి రొమ్ము తీసేసి లేచాను. అది గుక్కపట్టి ఏడుపు మొదలెట్టింది. పెద్దది బొమ్మలు వదిలేసి నావైపు చూసింది.

"ఇలా ఇవ్వండి" అన్నాను.

"చెబుతున్నా కదా, పచ్చ అంటే..."

"నేను రాసింది నేను చదువుతాను. ఇవ్వండి."

ఒక చేతిలో పిల్ల, భుజానికీ చెవికీ మధ్య ఫోను. కాగితం చూడకుండానే చెప్పాను. గ్రీన్ అన్నాను. మూడుసార్లూ గ్రీన్. నర్సు ష్యూరా అని అడిగింది. ష్యూర్ అన్నాను. అయితే ఇప్పుడే తీసుకురండి అంది.